పది నెలలు నిండాయి, మావాడు పాకడం లేదు. మీ పిల్లలెవరైనా ఇలా చేశారా?

బుడ్డోడి_అమ్మ
మావాడికి మొన్న మంగళవారంతో పది నెలలు నిండాయి. ఏడో నెలలోనే దిండ్ల ఆసరా లేకుండా కూర్చున్నాడు. ఇక ఇవాళ పాకుతాడు, రేపు పాకుతాడు అని అప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. బోర్లా పడుకోబెడితే రాగం అందుకుంటాడు. కూర్చోబెడితే మాత్రం ఒక కాలు మడిచి, ఇంకో కాలు చాపి, ఒక చెయ్యి నేలకి ఆన్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే జరుక్కుంటూ హాల్లోంచి వంటింట్లోకి వచ్చేస్తాడు. టీవీ రిమోట్ కనబడిందంటే ఆ వేగం చూడాలి.

మా అత్తగారిది అమలాపురం. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు చేసి అపార్ట్‌మెంటంతా పంచారు. పాకితే పాకుండలని ఎనిమిదో నెలలోనే బెల్లం తెచ్చి డబ్బాలో పోసి పెట్టారు. ఆ డబ్బా ఇప్పుడు నన్ను చూసి వెక్కిరిస్తోంది. లిఫ్ట్‌లో ఎవరు కనబడినా 'పాకుండలెప్పుడమ్మా?' అంటారు. మా తోటికోడలి కూతురు వీడికన్నా మూడు వారాలు చిన్నది, అది అప్పుడే సోఫా పట్టుకుని నడుస్తోంది. ఫ్యామిలీ గ్రూపులో రోజుకో వీడియో. నేను సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. 'నువ్వు ఇంట్లో ఉండుంటే ఈపాటికి పాకేవాడు' అని ఎవరూ అనలేదు. అననక్కర్లేదు కదా.

డాక్టర్‌కి చూపించాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

గోదారిగట్టు
దాన్ని దేకడం అంటారండీ. మా పెద్దన్నయ్య దేకాడు, అన్నయ్య కొడుకూ దేకాడు. మా నాన్నమ్మ మా ఇంటిని 'దేకుడు వంశం' అనేది. ఇది కుటుంబాల్లో వస్తుంది. మీ ఆయన చిన్నప్పుడు పాకారో లేదో కాస్త కనుక్కోండి.

నైట్‌షిఫ్ట్_నాన్న
చేతిలో రిమోట్ పట్టుకుని పాకడం కుదరదు, దేకడం కుదురుతుంది. కుర్రాడు ఆలోచించే చేస్తున్నాడు.

తాతయ్య1956
ఇప్పటి పిల్లలకి ఒళ్లు పట్టేవాళ్లు లేరమ్మా. మా ఇంట్లో నలుగురు పిల్లలకీ నువ్వుల నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని సున్నిపిండితో నలుగు పెట్టి, వేన్నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టేవాళ్లు. తొమ్మిదో నెలకల్లా గడప దాటేవాళ్లు. ఇప్పుడు పొద్దస్తమానం ఆ డైపర్ కట్టి ఉంచితే ఎక్కడ పాకుతాడు?

బుడ్డోడి_అమ్మ
@తాతయ్య1956 బాబాయ్‌గారూ, మాకు రోజూ నూనె రాసి నీళ్లు పోసే ఆవిడ ఉన్నారు. ఐదో నెల దాకా మా అమ్మ పోసింది. నలుగులో లోటేమీ చేయలేదండి.

సీమమిరప
మా పాపకి నలుగూ లేదు, సాంబ్రాణీ లేదు. ఎనిమిదో నెలలో పాకి నా ఫోన్ ఛార్జర్ నమిలేసింది. నూనెకీ పాకడానికీ లంకె పెట్టకండి సారూ. డైపర్ సంగతి మాత్రం కొంచెం నిజమే, ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు తీసేయండి.

విజయనగరం_వదిన
మీ ఫ్లాట్‌లో నేల ఏమిటి? మార్బుల్ అయితే దేకడం భలే సుఖం, జర్రున జారిపోతారు. పాకుదామంటే మోకాళ్లు జారతాయి. మా రెండోవాడికి ప్యాంటు తీసేసి గరుకు చాప మీద వదిలేస్తే అప్పుడు మోకాళ్లు ఆనించాడు. డబ్బు ఖర్చు లేని పని, చేసి చూడండి.

కొత్తగా_చేరాను
వాకర్ కొనండి అక్కా, పాకడం ఎగరగొట్టి నేరుగా నడుస్తాడు. మా అక్క కొడుక్కి అదే కొన్నారు.

టొరంటో_తెలుగమ్మాయి
@కొత్తగా_చేరాను వద్దు! మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వస్తూ మనవడికి వాకర్ తెస్తానంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకం, దిగుమతి, ప్రకటన అన్నీ నిషేధం. ఇంట్లో వాడింది తీసుకెళ్లి వేరేవాళ్లకి అమ్మినా తప్పే. మెట్ల మీద నుంచి దొర్లి తలలు పగిలిన పిల్లలు అంతమంది ఉన్నారు. పైగా దానివల్ల నడక తొందరగా రాదు. కాలి వేళ్లతో నేలని తన్నడం అలవాటవుతుంది, అంతే.

తాతయ్య1956
ఆ ప్లాస్టిక్ గోల వేరు. మన మూడు చక్రాల చెక్క బండి ఉందిగా, దాన్నీ నిషేధించారా?

విశాఖ_వాణి
చెక్క బండి వేరండి. పిల్లాడు సొంతంగా లేచి నిలబడి, దాన్ని పట్టుకుని తోస్తాడు. వాకర్‌లో ఇంకా లేవలేని వాణ్ణి మనం కూర్చోబెడతాం, తేడా అక్కడే. మా ఏటికొప్పాక బండి ఒకటి మా ఇంట్లో మూడో తరం తోస్తోంది. అంకుడు కర్ర, లక్క రంగు. నోట్లో పెట్టుకున్నా భయం లేదని మా అమ్మ ధీమా. మొదట్లో బండి ముందుకి పరుగెత్తి పిల్లాడు వెనక బోర్లా పడతాడు, పక్కన ఒకరు ఉండాలి.

కరీంనగర్_కోడలు
మా దిక్కు పాకుడును అంబాడుడు అంటరు. ఈ బొబ్బట్లు, కుడుముల లెక్క మా అత్తగారింట్లో లేదు. మాకు పుట్టువెంట్రుకలే పెద్ద పండుగ, వేములవాడ రాజన్న దగ్గర తీయించి కోడెను కడతాం. కాబట్టి మా బాబు అంబాడినా అంబాడకున్నా అడిగేటోళ్లు లేకుండె. మీ బాధంతా ఆ స్వీట్ల లిస్టుతో వచ్చినట్టుంది అక్కా.

గోదారిగట్టు
స్వీట్ల లిస్టుని ఏమీ అనకండి. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగేస్తే అరిసెలు, పలికితే పంచదార చిలకలు. ఈ లిస్టు లేకపోతే మాకు ఏడాదంతా తినడానికి ఏముంటుంది?

నైట్‌షిఫ్ట్_నాన్న
దేకితే దోసకాయ.

సీమమిరప
దేకితే దిబ్బరొట్టె. దోసకాయ పంచితే ఎవరు తీసుకుంటారన్నా.

పిల్లలవార్డు_సిస్టర్
పదిహేనేళ్లుగా పిల్లల వార్డులో పని చేస్తున్నాను. నాకు తెలిసింది చెబుతాను, చూసి నిర్ణయించాల్సింది మీ డాక్టరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ఒక లెక్క ఇచ్చింది. అందులో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. చేతులూ మోకాళ్ల మీద పాకడం అన్నది దాదాపు 4.3 శాతం పిల్లలు అసలు చేయనే లేదు. మిగతా మెట్లన్నీ ఎక్కారు, అదొక్కటి వదిలేశారు. పాకినవాళ్లలో కూడా కొందరు 5 నెలలకి మొదలుపెడితే కొందరు 13 నెలలు దాటాక మొదలుపెట్టారు. సొంతంగా నడవడమైతే 8 నెలల నుంచి 17న్నర నెలల దాకా. అంత వెడల్పు ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు 2022లో ఏ వయసుకి పిల్లలు ఏం చేస్తారన్న తమ జాబితా సవరించినప్పుడు పాకడాన్ని తీసేశారు కూడా. కాబట్టి 'పాకలేదు' అన్న ఒక్క మాట మీద నేను కంగారు పడను.

నేను చూసేది వేరు. ఆసరా లేకుండా కూర్చుంటున్నాడా? మీవాడు కూర్చుంటున్నాడు, మంచిది. ఒళ్లు మరీ మెత్తగా జావగా గానీ, బిగుసుకుపోయినట్టు గానీ ఉందా? రెండు చేతులూ వాడుతున్నాడా? బా-బా, దా-దా అని ఊసులాడుతున్నాడా, పిలిస్తే చూస్తున్నాడా? నిన్నటిదాకా చేసిన పని ఏదైనా మానేశాడా? మీరు 'ఒక చెయ్యి నేలకి ఆన్చి' అని రాశారు. ఎప్పుడూ అదే చెయ్యా? అది గమనించి చెప్పండి.

బుడ్డోడి_అమ్మ
@పిల్లలవార్డు_సిస్టర్ అయ్యో, ఇది ఎప్పుడూ చూడలేదు. ఊసులు బోలెడు, 'తాతాతా' అంటాడు. రెండు చేతుల్తోనూ వస్తువులు పట్టుకుంటాడు. దేకేటప్పుడు ఏ చెయ్యో ఈ సాయంత్రం చూస్తాను. ఇప్పుడు ఆఫీసులో ఉన్నాను, కాళ్లూ చేతులూ ఆడట్లేదు.

కవలలతల్లి
నేను మామూలుగా ఇక్కడ చదివి వెళ్లిపోతాను. ఇది చూసి రాయాలనిపించింది.

మాకు కవలలు, 34 వారాలకే పుట్టారు. ఆరు వారాలు ముందు పుట్టారు కాబట్టి వయసులో ఆరు వారాలు తీసేసి లెక్కపెట్టాలని డాక్టర్ మొదట్లోనే చెప్పారు. అందుకే పెద్దవాడు ఏది ఆలస్యం చేసినా 'ముందు పుట్టాడుగా' అని సర్దిచెప్పుకునేదాన్ని. ఎనిమిదో నెలలో వాడు ఏదైనా ఎడమ చేత్తోనే అందుకునేవాడు. మా మామగారు 'పురచెయ్యి వాటం, నాలాగే' అని ముచ్చటపడిపోయేవారు. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉండేది. ఫోటోలు వెనక్కి తిరిగి చూస్తే ప్రతిదాంట్లోనూ బిగిసే ఉంది, మాకే కనబడలేదు. ఏడాది నిండకుండానే ఒక చేతి వాటం తేలిపోవడం మంచి గుర్తు కాదని టీకాకి వెళ్లినప్పుడు ఒక డాక్టర్ చెబితే తెలిసింది. తొమ్మిదో నెలలో ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. ఇప్పుడు నాలుగేళ్లు. కుడి కాలు కొంచెం లాగుతాడు, తమ్ముడితో సమానంగా తన్నులాడుకుంటాడు, బడికి వెళ్తున్నాడు.

ఖర్చు గురించి భయపడేవాళ్లు తెలుసుకోండి, జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లల కోసమే సత్వర చికిత్సా కేంద్రాలు ఉంటాయి. అంగన్‌వాడీలోనో, మీ ఏఎన్ఎమ్‌నో అడిగితే చెబుతారు. మేం మొదటి ఏడాది ప్రైవేటుగా చేయించి, తర్వాత అక్కడికి మారాం.

బుడ్డోడి అమ్మగారూ, మీవాడికి ఏదో ఉందని కాదు. కానీ చూపించకుండా ఆగమని మాత్రం నేను ఎవరికీ చెప్పలేను.

గోదారిగట్టు
@కవలలతల్లి మీ పోస్టు చదివాక మా వంశం కబుర్లు చెప్పి తేలిగ్గా తీసేశానా అనిపించింది. చూపించండి అని నేనూ అంటున్నాను.

తాతయ్య1956
ప్రతిదానికీ డాక్టర్ అంటే పిల్లాడు ఆసుపత్రిలోనే పెరుగుతాడు. మాటలు తొందరగా రావడానికి మాత్రం వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించండి. మా పిల్లలందరికీ చేశాం.

పిల్లలవార్డు_సిస్టర్
@తాతయ్య1956 పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి మన పేగుల్లో ఏమీ చేయదు. పసిపిల్లల పేగుల్లో మాత్రం పెరిగి విషం తయారుచేస్తుంది, ఒళ్లంతా చచ్చుపడిపోతుంది. దాన్ని బొట్యులిజం అంటారు. అరుదే, కానీ వస్తే ఊపిరికే ముప్పు. పనిలో పనిగా ముక్కులోనూ చెవిలోనూ నూనె చుక్కలు వేసేవాళ్లకి కూడా చెబుతున్నాను, మానేయండి.

తాతయ్య1956
సరే తల్లీ. తేనె వెనక్కి తీసుకున్నాను. సాంబ్రాణి?

పిల్లలవార్డు_సిస్టర్
పొగ కూడా వద్దండి. 🙂

తాతయ్య1956
మాకిక మిగిలిందేమిటి?

నైట్‌షిఫ్ట్_నాన్న
చెక్క బండి మిగిలింది తాతగారూ.

కరీంనగర్_కోడలు
తిండి ఏం పెడుతున్నరు అక్కా? మా బాబుకు అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి బాలామృతం ఇచ్చిండ్రు. మొదట మా ఆయన ప్యాకెట్ చూసి ముఖం చిట్లించిండు, ఆఖరుకు సగం ఆయనే లడ్డూలు చేయించుకుని తిన్నడు.

బుడ్డోడి_అమ్మ
ఉగ్గే. బియ్యం, పెసరపప్పు, కాస్త జీలకర్ర వేయించి రవ్వ పట్టించి. పొద్దున రాగి జావ. గుడ్డు పచ్చసొన ఈమధ్యే మొదలుపెట్టాం. బరువు బాగానే ఉంది.

ఇక చెయ్యి సంగతి. నిన్న మా ఆయన వాడికి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు రిమోట్ పెట్టి వీడియో తీశారు. కుడి చేతిలో బిస్కెట్ ఉంటే ఎడమ చెయ్యి ఆన్చి దేకుతున్నాడు. ఎడమ చేతిలో ఉంటే కుడిది ఆన్చాడు. రెండు చేతుల్లోనూ బిస్కెట్లు పెడితే? చేతులు ఆన్చకుండానే దేకాడు! శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

సీమమిరప
రెండు బిస్కెట్ల పరీక్ష ఏ పుస్తకంలోనూ ఉండదు.

మెట్రోలో_అమ్మ
'అననక్కర్లేదు కదా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేనూ 26 వారాల సెలవు అయ్యాక చేరాను. ఆఫీసు బాత్రూంలో పాలు పిండుకుంటూ ఏడ్చిన రోజులున్నాయి. మా పాప పదమూడో నెలలో ఒక సాయంత్రం నా ముందు మూడు అడుగులు వేసింది. క్రెష్ ఆయమ్మకి ఫోన్ చేసి అరిచి చెప్పాను. ఆవిడా 'అవునా, నిజంగానా' అని అరిచింది. రెండేళ్ల తర్వాత మాటల్లో బయటపడింది. పాప అంతకు ముందు రోజు మధ్యాహ్నమే క్రెష్‌లో నడిచిందట. 'మీరు చూసిందే మొదటిది కావాలని చెప్పలేదమ్మా' అంది.

నైట్‌షిఫ్ట్_నాన్న
నా కూతురు కూర్చోవడం, పాకడం, మొదటి పన్ను, అన్నీ నేను పడుకుని ఉండగానే జరిగాయి. నన్ను 'నువ్వు ఇంట్లో ఉండుంటే' అని ఇప్పటికీ ఒక్కరూ అనలేదు. ఇది చదువుతుంటే ఆ సంగతి తట్టింది.

బుడ్డోడి_అమ్మ
వెళ్లొచ్చాం. డాక్టర్ ముందు వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి కాసేపు ఆడించారు. తర్వాత చంకల కింద చేతులు వేసి పైకెత్తి కాళ్లు బల్లకి ఆనిద్దామని చూస్తే వాడు కాళ్లు ఆనించడు! రెండు కాళ్లూ ముందుకి చాపేసి గాలిలో కుర్చీ వేసుకున్నట్టు కూర్చున్నాడు. డాక్టర్ నవ్వేసి, 'దేకే పిల్లలు చాలామంది ఇలాగే చేస్తారు, ఇంట్లో ఇంకెవరు దేకారు?' అని అడిగారు. కండరాలు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, నడక మాత్రం ఆలస్యం కావచ్చు, ఏడాదిన్నరకి కూడా నడవకపోతే తీసుకురండి అన్నారు.

ఇంట్లో ఎవరు దేకారన్న దానికి మా ఆయన తెల్లమొహం వేశారు. రాత్రి మామగారికి ఫోన్ చేస్తే ఆయన ఒకటే నవ్వు. 'నువ్వే! లాగూలన్నీ ముడ్డి దగ్గర చిరిగిపోయేవి, మీ అమ్మ అతుకులు వేయలేక చచ్చేది' అన్నారు. అత్తగారు పక్కనే ఉన్నారు, ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి వచ్చి చెప్పారు. అప్పట్లో ఆవిడ అత్తగారు 'నీ పాలలో బలం లేదు, అందుకే నా మనవడు కుంటివాడయ్యాడు' అని ఊరంతా చెప్పేదట. ఆ మాట మళ్లీ ఈ ఇంట్లో పుడుతుందేమోనని నోరెత్తలేదట. బెల్లం డబ్బా అటక మీద పెట్టేశారు.

గోదారిగట్టు
ముందే చెప్పానుగా, వంశం! మీ అత్తగారి మాట మాత్రం గుచ్చుకుంది.

విశాఖ_వాణి
ఆవిడకి ఒక మాట చెప్పండి. పాకుండలకైనా అరిసెలకైనా చలిమిడి ఒకటే. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం. ఉండ చేసి వేస్తే పాకుండ, అరచేత్తో వత్తి వేస్తే అరిసె. బెల్లం ఎక్కడికీ పోదు.

తాతయ్య1956
పాకుండలో కొబ్బరి ముక్కలు పడాలి. అరిసెలో పడవు. ఒకటే అంటే ఒప్పుకోను.

విశాఖ_వాణి
కొబ్బరి ఆఖర్న కలపొచ్చు బాబాయ్‌గారూ.

బుడ్డోడి_అమ్మ
ఆరున్నర నెలల తర్వాత ఈ చర్చని పైకి తెస్తున్నాను. పుట్టినరోజుకి వాడు దేకుతూనే వచ్చి కేకు మీద చెయ్యి వేశాడు. పద్నాలుగో నెలలో మంచం పట్టుకుని లేచాడు. పదహారున్నర నెలలకి, అంటే పోయిన ఆదివారం, రిమోట్ కోసమే, సోఫా వదిలేసి నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగుకి చతికిలబడి మిగతా దూరం దేకాడు. మోకాళ్ల మీద పాకడం ఇప్పటికీ ఒక్కసారి కూడా చేయలేదు.

అత్తగారు సోమవారం పొద్దున్నే అటక మీది డబ్బా దింపారు. పాకం ముదిరి అరిసెలు రాళ్లలా వచ్చాయి. మూడో అంతస్తు ఆంటీ 'పాకుండలు మాకు అందలేదే' అంటే అత్తగారు 'ఇవి రెండిటికీ కలిపి' అన్నారు.

తాతయ్య1956
కొబ్బరి వేశారా?

బుడ్డోడి_అమ్మ
వేశారండి. మీ పేరు చెప్పి మరీ వేయించాను. వసలో తేనె మాత్రం వేయలేదు.